టిక్కీ ముడి పడిన కార్డు

కారంపూడి బ్రహ్మయ్య ముడి వేస్తుంటే యముడైనా తన పాశం పక్కన పెట్టి, కాసేపు కూర్చుని నేర్చుకుపోవాల్సిందే. నలభై ఏళ్లు మిరపకాయల టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, మూతులు బిగించిన చేతులవి. అలాంటి మనిషి ఇప్పుడు పక్కింటి గ్రేసమ్మ టీచరు అరుగు మీద, వేలెడు వెడల్పు గులాబీరంగు రిబ్బను పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

దీనికంతటికీ మూలం ఒక కాకి. పోయిన నెల పెళ్లి పంక్తిలో, తన భార్య అంజమ్మ పెట్టిన గోంగూర పచ్చడి తిని కాకి ఒకటి గోడ మీదనుంచి వెల్లకిలా పడిందనీ, దాన్ని లేపడానికి రెండు చెంబుల మజ్జిగ పట్టిందనీ ఆయన చెప్పాడు. పంక్తంతా నవ్వింది. అంజమ్మ నవ్వలేదు. ఆ మాట తప్పని ఒప్పుకునేదాకా గడప తొక్కనని నూజెండ్లలో తమ్ముడు కోటయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఫోను ఎత్తదు. బ్రహ్మయ్యకేమో పుట్టి బుద్ధెరిగాక తప్పన్న మాట నోట రాలేదు. ఇరవై రోజులుగా తన వంట తనే తింటూ చిక్కిపోయాడు.

నోటితో రానిది రాసి పంపమన్నది గ్రేసమ్మ. క్రిస్మస్‌కు చర్చిలో పంచడానికి ఏటా గ్రీటింగు కార్డులు ఆమె చేత్తోనే చేస్తుంది. అట్ట మడిచి, పూలు అంటించి ఒకటి ఇచ్చింది. బ్రహ్మయ్య గోడవైపు తిరిగి లోపల రాయవలసింది రాశాడు. ఇక పైన రిబ్బను ఒక్క చుట్టు తిప్పి, సీతాకోకచిలుక రెక్కల్లా ముడి వేస్తే సరిపోతుందట.

రాసింది బావమరిది కంట పడితే? ఆ ఆలోచన రాగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక కొస కాలి బొటనవేలితో తొక్కి, రెండో కొస పంటితో లాగి, రిబ్బను చుట్ట మొత్తం చుట్టేసి, టిక్కీకి వేసినట్టే మూడు ముళ్లు బిగించాడు. కార్డు కాస్తా పనసకాయంత అయింది.

"అన్నా, ఇది గ్రీటింగు కార్డా, ఎగుమతి సరుకా?" అన్నది గ్రేసమ్మ.

దారిలో ఊడకుండా ఉండద్దా అని, బ్రహ్మయ్య దాన్ని నూజెండ్ల వెళ్తున్న తెలిసిన మనిషి చేత పంపాడు.

మర్నాడు కోటయ్య ఫోను చేశాడు. ముడి రావడం లేదట. గోళ్లు విరిగాయి, పట్టకారు వంగింది. ఒక కొస వేపచెట్టుకూ ఇంకో కొస ట్రాక్టరుకూ కట్టి లాగితే వేపచెట్టు జానెడు జరిగింది తప్ప ముడి జరగలేదు. కోసేద్దామంటే అక్క ఒప్పుకోవడం లేదు.

"మొగుడు వేసిన మూడు ముళ్లకి కత్తెర పెడతారంట్రా ఎవరన్నా అని తిడతా ఉంది బావా. నువ్వే వచ్చి విప్పు."

నలభై ఏళ్లలో బ్రహ్మయ్య టిక్కీ ముడి కట్టడమే గానీ విప్పిన పాపాన పోలేదు. సరుకు కొన్నవాడు కోసుకుంటాడు. ఆ సంగతి చెప్పలేక నడుం పట్టిందన్నాడు.

రెండు రోజులకు అంజమ్మే కార్డు చంకనబెట్టుకుని బస్సు దిగింది. గడప తొక్కకుండా బయటే నిలబడి దాన్ని ముందుకు చాచింది. బ్రహ్మయ్య గంటసేపు కుస్తీ పట్టాడు. పన్ను ఒకటి కదిలింది గానీ ముడి కదలలేదు.

"నీకూ రాదన్నమాట," అన్నది అంజమ్మ. "పోనీ, లోపల ఏం రాశావో నోటితో చెప్పు. లేకపోతే మూడున్నరకి బస్సుంది."

బ్రహ్మయ్య గోడ వంక చూశాడు.

"కాకి చావలేదని రాశానే."

"చచ్చిందని నువ్వు అన్నదెప్పుడు?"

"అంటే... పడలేదని."

అంజమ్మ సంచీ భుజానికి తగిలించుకున్నది.

"అసలు కాకే రాలేదే," అన్నాడు బ్రహ్మయ్య. "పచ్చడి చానా బాగుంది. తప్పు నాదే."

ఆఖరి మాట పన్ను పీకినట్టు బయటికొచ్చింది. అంజమ్మ సంచీ దించి, లోపలికి వెళ్లి, పొయ్యి మీది గిన్నె మూత తీసి ముక్కు మూసుకున్నది.

కార్డు ఇప్పుడు వాళ్ల వసారాలో మేకుకు వేలాడుతోంది. అడిగినవాళ్లకు బ్రహ్మయ్య, దాన్ని విప్పాలని రెండు ట్రాక్టర్లు లాగి ఓడిపోయాయని చెబుతాడు.

"మూడు," అంటుంది లోపలినుంచి అంజమ్మ. "ఒకటి ఇంకా బురదలోనే ఉంది."