ఎరువు అక్కర్లేని తోట

"దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే పోయేది కదమ్మా," అన్నాడు ప్లంబరు, తొట్టిని పెరటి గోడవారగా దింపి ఊపిరి పీల్చుకుంటూ.

నలుగురు మోశారు దాన్ని. పోత ఇనుముతో చేసి లోపల తెల్లటి ఎనామిల్ పూసిన పాతకాలపు స్నానపు తొట్టి. ఈ ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటే వచ్చింది.

"చేపలు పెంచుతారా?"

"కాదు. బురద పెంచుతాను," అంది ఆమె.

నవ్వాలో వద్దో తేలక ప్లంబరు ఆమె భర్తవైపు చూశాడు. భర్త పరిస్థితీ అదే.

"ఏదో, ఆవిడ సరదా," అన్నాడు చివరికి. తనకి అర్థం కాని ప్రతిదానికీ అతను ఆ మాటే వాడతాడు. ఆమె ఉద్యోగం గురించి చుట్టాల దగ్గర చెప్పేటప్పుడు కూడా అదే మాట.

తొట్టి బయటికి రావడానికి కారణం మామగారు. రెండు నెలల కిందట జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, చేతికర్ర పట్టుకుని మెల్లగా నడుస్తున్నారు కానీ, కాలెత్తి తొట్టిలోకి దిగలేరు, ఒంటికి తనంతట తాను సబ్బు రుద్దుకోలేరు. అందుకని భర్తా, అతని అక్కా ఫోన్‌లో మాట్లాడుకుని రెండు నిర్ణయాలు తీసుకున్నారు. తొట్టి తీయించి, అక్కడ కూర్చుని స్నానం చేసే కుర్చీ ఒకటి వేయించి, గోడకి పట్టుకోవడానికి కడ్డీలు బిగించాలన్నది మొదటిది. ఆమె ఏడాదిపాటు సెలవు పెట్టి ఆయన్ని చూసుకోవాలన్నది రెండోది. మొదటిదాని గురించి ఆమెని టైల్స్ రంగు ఏది బాగుంటుందని అడిగారు. రెండోదాని గురించి ఏమీ అడగలేదు.

"నీకు చెయ్యి తిరిగిన పనేగా," అంది వదిన ఫోన్‌లో. "అమ్మకి ఆరేళ్ళు చేశావు. నీ అంత శుభ్రంగా జీతానికి పెట్టుకున్న నర్సులు కూడా చెయ్యరని నేను అందరికీ చెప్తూ ఉంటాను తెలుసా."

ఆ మెచ్చుకోలు ఆమెకి రెండు రోజులు తియ్యగానే ఉంది. మూడోరోజు బస్సులో కూర్చుని ఆ తీపి పొట్లం విప్పి చూస్తే లోపల పని పురమాయింపు కనిపించింది.

ఆమె పనిచేసేది ఊరికి మంచినీళ్ళు సరఫరా చేసే సంస్థలో, నీటి పరీక్షల ల్యాబులో. పంతొమ్మిదేళ్ళుగా. ఉదయం ఆరింటికి వచ్చే మొదటి సీసాలే ముఖ్యం. వాటి ఫలితం మీద సంతకం పడ్డాకే నీళ్ళు వదులుతారు. ఆ సంతకం ఉదయం షిఫ్టు ఇన్‌చార్జిది. గడిచిన ఏళ్ళలో రెండుసార్లు ఆ పని ఆమె దాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది. అప్పట్లో ఏడింటికి అత్తగారి స్నానం. ఆరింటికి ల్యాబులో ఎలా ఉంటుంది? ఆమె దగ్గర బ్యూరెట్టు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఆమె రాసిన అంకెల కింద సంతకాలు చేస్తున్నారు. ఈ నెల మళ్ళీ ఖాళీ వచ్చింది. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి.

"ఈసారి కూడా ఇంట్లో అడిగి చెప్తారా మేడం?" అన్నాడు పెద్ద సారు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. తన బల్ల దగ్గరికి వచ్చాక, ఆ నవ్వు మొహంమీద ఇంకా అలాగే అతుక్కుని ఉండటం సీసా గాజులో కనిపించింది.

తొట్టిని ఎందుకు ఉంచుకోవాలనిపించిందో ఆమెకే సరిగ్గా తెలియదు. మమకారం మాత్రం కాదు. పక్షవాతం వచ్చిన అత్తగారిని ఆరేళ్ళు అందులో కూర్చోబెట్టి స్నానం చేయించింది, తల నిలబెట్టి పట్టుకుని, సంకలెత్తి, మడతల్లో తడి నిలవకుండా ఒత్తి. అంతసేపూ అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుని ఉండేది. ఒక్కరోజు కూడా ఇటు చూడలేదు. ఆవిడ మాట ముద్దముద్దగా వచ్చేది, అది మామగారికి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. కళ్ళు మాత్రం బాగానే ఉండేవి. కొడుకు గదిలోకి వస్తే ఆ కళ్ళు అతని వెంటే తిరిగేవి. కోడలి వంతుకి ఒక చెవీ, ఒక చెంపా. ఆ తిప్పుకున్న మొహాన్ని ఆమె ఆరేళ్ళు ద్వేషించింది. ద్వేషం ఒకవిధంగా పనికొచ్చేది కూడా. నడుం పీకుతున్నా పని ముగించే కసి అందులోంచే పుట్టేది. నీకు నేనంటే గిట్టదు, అయినా చూడు, నీ వేళ్ళ సందులు ఎంత బాగా కడుగుతున్నానో. అత్తగారు పోయి ఏడాదైంది. ఇప్పుడు ఎవరో వచ్చి తొట్టిని బండిమీద వేసుకుపోతారంటే, తగువు తెగకుండానే ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

బురద ఆలోచన నర్సరీలో పుట్టింది. ఏదో ఒక కుండీ మొక్క కొందామని వెళితే, ఒక మూల నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టిన చిన్న మొక్కలు కనిపించాయి. కొన్నిటికి ఆకులే కూజాల్లా ఉన్నాయి. కొన్నిటి ఆకుల నిండా మెరిసే జిగురు చుక్కలు, ఆ జిగురులో కాళ్ళు కొట్టుకుంటున్న ఒక దోమ.

"చిత్తడి నేలలో పెరిగేవి ఇవి," అంది మోచేతుల దాకా మట్టితో ఉన్న నర్సరీ ఆవిడ. "వేళ్ళెప్పుడూ తడిగా ఉండాలి. కుళాయి నీళ్ళు మాత్రం పొయ్యకండి, సున్నం ఎక్కువ. వాననీళ్ళే."

"నూట ఎనభై," అంది ఆమె.

"ఏంటండీ?"

"కుళాయి నీళ్ళలో సున్నం లెక్క. రోజూ కొలిచేది నేనే."

నర్సరీ ఆవిడ ఆమెని మళ్ళీ మొదట్నుంచి చూసింది. "అయితే మీకు చెప్పేదేముంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎరువు వద్దు. చిటికెడు కూడా. సారంలేని నేలకి అలవాటుపడ్డ వేళ్ళు, ఎరువు తగిలితే మాడిపోతాయి. కావలసింది అవే పట్టుకుని తింటాయి. అందరూ జాలిపడి ఏదో ఒకటి వేస్తారు. నా మొక్కలు సగం జాలి వల్లే పోతున్నాయి."

ఆ తర్వాత రెండు వారాలూ ల్యాబు నుంచి వచ్చాక తొట్టిదే పని. అడుగు కన్నానికి దాని రబ్బరు బిరడానే బిగించి చుట్టూ లప్పం పెట్టింది. అంచుకి నాలుగు వేళ్ళ కింద, నీళ్ళు పొంగకుండా ఉండేందుకు మొదట్నుంచీ ఉన్న కన్నాన్ని అలాగే వదిలేసింది. పెద్ద వాన పడితే ఎక్కువ నీళ్ళు దాని గుండా పోతాయి, మిగతావి లోపల నిలుస్తాయి. అడుగున ముతక ఇసుక. ఆపైన ఇసుక కలిపిన కొబ్బరి పీచు పొడి. ఆ పొడిలో ఉప్పు ఉంటుందని, పీపాలో పట్టిన వాననీళ్ళతో మూడుసార్లు కడిగి, కడిగినప్పుడల్లా ల్యాబు మీటరుతో చూసుకుంది. అంకె తగ్గుతుంటే ఆమెకి ఒళ్ళంతా తేలికైనట్టుండేది. ఎవరూ పురమాయించని పని చేసి ఎన్నేళ్ళయిందో.

మొక్కలు పెట్టిన వారానికి భర్త కాఫీ కప్పుతో వచ్చి చూశాడు. "బాగున్నాయే. ఏమీ పెట్టకపోయినా ఎంత చక్కగా సర్దుకుపోతున్నాయో చూడు."

"సర్దుకుపోవడం లేదు," అంది. "వేటాడుతున్నాయి."

అతను కప్పులోకి చూసుకుని లోపలికి వెళ్ళాడు.

మామగారు మాత్రం రోజూ సాయంత్రం కుర్చీ వేయించుకుని తొట్టి పక్కనే కూర్చునేవారు. ఒకప్పుడు వాచీలు బాగుచేసిన మనిషి, చిన్న వస్తువుల దగ్గర గంటలు గంటలు కూర్చోగలరు. ఒకరోజు ఆమె మొక్కల మధ్య నాచు పరుస్తుంటే, ఉన్నట్టుండి అన్నారు, "కుర్చీ, కడ్డీలు, అన్నీ బాగానే అమర్చారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు."

"ఏమని మామయ్యా?"

"ఎవరు చేయిస్తే నాకు పర్వాలేదో."

ఆమె చేతులు ఆగాయి.

"నీ చేత స్నానం చేయించుకోవడంకన్నా మురికిగా ఉండటమే నయం నాకు. తప్పుగా తీసుకోకమ్మా. నా వల్ల కాదు." కాసేపు నాచువైపు చూసి, "మీ అత్తయ్య వల్లా కాలేదు," అన్నారు.

"అత్తయ్యకి నేనంటే కోపం."

"కోపమా? కోపమని ఎవరు చెప్పారు నీకు? 'ఆ పిల్ల నొప్పితో నడుం పట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను, ఎత్తి కూర్చోబెట్టడానికైనా అబ్బాయిని పిలవండి' అని రోజూ నా ప్రాణం తీసేది. ఎటు చూడాలో తెలియక గోడవైపు తిరిగేది."

"మరి మీరు?"

"పిలవలేదు. వాడికి ఆఫీసుకి టైమవుతోందని." చేతికర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు. "ఆరేళ్ళూ టైమవుతూనే ఉంది వాడికి."

ఆమె నాచు ముక్కని పక్కముక్కకి ఆనించి, మళ్ళీ తీసి, మళ్ళీ ఆనించింది. తేలికపడాలి నిజానికి. పడలేదు. ఇన్నాళ్ళూ ద్వేషానికి ఒక చిరునామా ఉండేది, ఒక చెవీ ఒక చెంపా. ఇప్పుడది ఖాళీ ఇల్లని తెలిసింది. ద్వేషం మాత్రం ఉత్తరంలా చేతిలోనే ఉండిపోయింది. ఎవరికివ్వాలి? పిలవని ఈ ముసలాయనకా? పిలవకపోతే రానవసరం లేదనుకున్న అతనికా? అప్పట్లో పక్క గదిలో అతను పేపరు తిరగేస్తున్న చప్పుడు స్నానాలగదిలోకి వినిపించేది. స్నానాలగది చప్పుడు అటు మాత్రం వినపడకుండా ఉంటుందా?

నెలాఖరుకి రెండు రోజులుందనగా, శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నాచుమీద బూడిదరంగు గుళికలు చల్లి ఉన్నాయి.

"నేనే వేశాను," అన్నాడు భర్త, మెచ్చుకుంటుందని ఎదురుచూసే మొహంతో. "మూడు పిడికెళ్ళు. పాపం, బక్కచిక్కి ఉన్నాయని."

ఎరువు ఎందుకు పనికిరాదో ఆమె చెప్పింది. పైపైన ఏరేస్తే చాలదా అన్నాడు. తడి నేల కదా, ఇప్పటికే కరిగి కిందికి దిగి ఉంటుందంది. అతను నీళ్ళు నమిలాడు. "సరే, రేపు ఆదివారమే కదా, నువ్వు తీరిగ్గా..."

"మొక్కలు నేను లేపి పెడతాను. మట్టి మీరు తియ్యాలి. అడుగుదాకా."

మర్నాడు ఉదయం అతను తొట్టిమీదికి వంగాడు. మామగారు కుర్చీలో. ఆమె పీట వేసుకుని మొక్కల వేళ్ళు వాననీళ్ళలో జాడిస్తోంది. అతను తాపీతో మట్టి తీసి బక్కెట్లో వెయ్యడం మొదలుపెట్టాడు. సగం బక్కెట్లో, సగం చెప్పులమీద. మూల మట్టి తియ్యకుండా నడిమధ్య గుంట తవ్వుతున్నాడు. ఆమె చేతులు జివ్వుమన్నాయి. లేచి, ఆ తాపీ తీసుకుని, ఇలా కాదు ఇలా అని చూపించి, చూపిస్తూ చూపిస్తూ మొత్తం తనే తీసేస్తే పావుగంట పని.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి సంవత్సరంలో ఒకే ఒక్కరోజు అతను తల్లికి నీళ్ళు పొయ్యడానికి వచ్చాడు. సబ్బు నీళ్ళు ఆవిడ కంట్లో పడ్డాయి. "మీకు రాదు, లెండి," అని అతని చేతిలోంచి మగ్గు లాక్కున్నది తనే. అతను సంతోషంగా లేచాడు, అది నిజమే. కానీ లాక్కోవడంలో తనకీ ఒక సంతోషం ఉంది. ఈ ఇంట్లో తనకి తప్ప రాని పని ఒకటుందన్న సంతోషం. ఆ కాస్త సంతోషం ఖరీదు ఆరేళ్ళ ఉదయాలు. అతని తప్పు దీంతో ఒక్క పిసరు కూడా తగ్గదు. ఆమె చేతులు నీళ్ళలోనే ఉంచుకుంది, లేవకుండా.

పావుగంట కాదు, గంటన్నర పట్టింది. మధ్యలో అతను నిటారుగా నిలబడి రెండు చేతులూ నడుం వెనక పెట్టుకున్నాడు. "అబ్బా. ఈ తొట్టి ఎత్తు మనిషి కోసం చేసినట్టు లేదు. నడుం పోయింది."

"అప్పుడు ఇందులో మీ అమ్మ కూడా ఉండేది," అంది ఆమె.

అతను తండ్రివైపు చూశాడు. మామగారు మొహం తిప్పుకోలేదు, కొడుకునే చూస్తున్నారు. అతను మళ్ళీ వంగాడు. మూలల్లోకి చెయ్యి పెట్టి, ఎనామిల్ తెల్లగా కనిపించేదాకా తీశాడు.

చేతులు కడుక్కుని వచ్చి గట్టుమీద కూలబడ్డాక అన్నాడు, "అక్క రాత్రి ఫోన్ చేసింది. సెలవు చీటీ ఇచ్చావా అని."

"సెలవు పెట్టడం లేదు. ఉదయం షిఫ్టు తీసుకుంటానని రేపు రాసిస్తున్నాను. ఐదున్నరకల్లా బయల్దేరాలి."

"మరి నాన్న?"

"ఆయన లేచేది ఏడింటికి. మీ ఆఫీసు తొమ్మిదిన్నరకి."

"నాకది రాదు," అన్నాడు మెల్లగా. వాదనలా లేదు, ఒప్పుకోలులా ఉంది.

"వస్తుంది."

మామగారి చేతికర్ర నేలమీద ఒకసారి కదిలింది. అతను తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించి, ఆమె వైపు ఒంగి అడిగాడు, "నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి?"

"ఆయన్నే అడగండి," అంది ఆమె. "నేను అత్తయ్యని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు."