జమ్ముపాళెం మీదుగా

తెల్లవారుతుండగా నాయుడుపేట శివార్లలో రేకుల షెడ్డు ముందు పెంచల్ సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టి, ఒక్కో చక్రాన్నీ బొటనవేలితో నొక్కి గాలి చూస్తున్నాడు. చెయిన్లకు నూనె పూశాడు. నీళ్ళ సీసాలు నింపి తగిలించాడు. టూరుకొచ్చినవాళ్ళు ముందురోజంతా వెలికొండల దిగువన ఎర్రమట్టి మిట్టల్లో ఎక్కుతూ దిగుతూ తొక్కి, తొడలు పట్టేసి, అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నారు. ఇవాళ మిట్టల్లేవు. స్వర్ణముఖి గట్టు పట్టుకుని తూర్పుగా సాగి, పల్లెలు దాటుకుంటూ చిట్టమూరు దిక్కుకు తిరిగి, మధ్యాహ్నం భోజనాల వేళకు పులికాట్ ఒడ్డుకు చేరడమే.

ఈ టూర్లు నడిపే మనిషి ఏసుమణి. నలభైకి దగ్గరపడింది. ఏటిగట్ల మీద ఎండా ఉప్పుగాలీ తిని ముఖం నల్లబడింది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. టూరుకొచ్చినవాళ్ళకూ, దారిలో టీ కొట్లవాళ్ళకూ, చివరికి పోలీసులకూ ఆమె అక్కే.

ఆ పొద్దు ఆమె షెడ్డు తాళంచెవులు తెచ్చి పెంచల్ చేతిలో పెట్టింది.

"ఇయ్యి నీ దగ్గరే పెట్టుకో."

"సాయంత్రం మళ్ళీ నువ్వే అడుగుతావు గదక్కా."

"అడగను."

పెంచల్ నూనెగుడ్డ పక్కన పెట్టాడు. కాసేపు ఆమె ముఖం వంక చూశాడు. "అన్నం తినేదానికే పోతా ఉండావా?" అన్నాడు.

"ఊఁ."

"మీ అమ్మకు చెప్పినావా?"

"చెప్పినా. ఏడ్చింది. ఏడ్చి, నీ ఇష్టం బిడ్డా అనింది."

 అలాంటి విషయంలో ఆ చుట్టుపక్కల ఎవరూ ఎవరికీ అడ్డం చెప్పరు. పెంచల్ వంగి, ఆమె సైకిలును మళ్ళీ మొదటినుంచీ తుడవడం మొదలుపెట్టాడు.

జమ్ముపాళెం సంగతి ఆ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. వెనక ఒక నవంబరులో వానలు పట్టుకుని వదలనప్పుడు, పొద్దుగూకే వేళ ఏటికట్ట తెగి ఆ పల్లె మొత్తం పోయింది. కారులోనో మోటారు సైకిలు మీదో పోతే ఇప్పుడక్కడ ఇసక, సర్కారు తుమ్మ, విరిగిన చర్చి గోడ తప్ప ఏమీ కనపడవు. సైకిలు తొక్కుకుంటూ పోతే మాత్రం ఊరుంటుంది. ఇళ్ళుంటాయి, మనుషులుంటారు, చూరుల నుంచి వాననీళ్ళు కారుతుంటాయి. అక్కడ ఎప్పుడూ ఆ మధ్యాహ్నమే. వాన కాస్త తెరిపిచ్చి, ఇంక భయం లేదని అందరూ అనుకుంటున్న మధ్యాహ్నం. అందుకే ఆ ఊళ్ళో మనుషులను పోగొట్టుకున్నవాళ్ళు ఇంట్లో ఎన్ని బళ్ళున్నా ఒక సైకిలు ఉంచుకుంటారు.

అక్కడ నీళ్ళు తాగొచ్చు. మాట్లాడొచ్చు. మెతుకు నోట పెట్టినవాళ్ళు మాత్రం తిరిగి రారు. మొన్న వేసవిలో చెంచురామయ్య అనే ఆయన, వరదలో పోయిన తన పెళ్ళాం పక్కన కూర్చుని సంగటి తిన్నాడు. మర్నాడు ఆయన సైకిలు ఇసకలో స్టాండేసి నిలబడి ఉంటే కొడుకు పోయి తెచ్చుకున్నాడు. ఊరివాళ్ళు వచ్చి పలకరించి పోయారు.

ఏసుమణి భర్త సమాధానం ఆ వరదలోనే పోయాడు. ఆ రేకుల షెడ్డు అతనిదే, సైకిళ్ళు బాగుచేసేవాడు. పెళ్ళయి ఏడాదన్నా తిరగలేదు. జమ్ముపాళెంలో ఒంటరిగా ఉన్న తల్లిని తీసుకొస్తానని, నువ్వు రావద్దని పెళ్ళానికి గట్టిగా చెప్పి బయల్దేరాడు. ఇరవై ఆరేళ్ళవాడు.

మొదట్లో ఏసుమణి వారం వారం ఒక్కతే పోయేది. కట్ట తెగుతుంది, వచ్చేయండని కాళ్ళావేళ్ళా పడింది. "ఈ కట్టా? మా తాతల నాటిది" అని నవ్వేవాళ్ళు. ఒకసారి సమాధానాన్ని బతిమాలి వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని ఒగర్చుకుంటూ తొక్కింది. ఊరి పొలిమేర దాటగానే సైకిలు తేలికయింది. దిగి చూస్తే క్యారియరు తడిగా ఉంది. ఆ తర్వాత బతిమాలడం మానేసి చూసి రావడానికి మాత్రం పోయేది. పోతూ పోతూ దారి మొత్తం, పల్లె పల్లె, తెలిసిపోయింది. ఆ తెలిసినదే టూరయింది, బతుకుదెరువయింది. ఆమె పోయినప్పుడల్లా సమాధానం అదే మాటతో ఎదురొచ్చేవాడు. "ఏమ్మే, నిన్ను రావద్దంటిని గదా!" ఆ కసురు కోసమే ఆమె ఇన్నేళ్ళు తొక్కింది. ఎన్ని సంబంధాలొచ్చినా కాదనింది. ఇప్పుడిక తొక్కలేననిపించింది. కాళ్ళు బాగానే ఉన్నాయి. అలిసిపోయింది మాత్రం తను.

గట్టు మీద పొద్దు వెచ్చగా ఉంది. ఒకవైపు ఏట్లో సన్నగా నీళ్ళు, ఒకవైపు వరినాట్లు. హైదరాబాదు నుంచి వచ్చిన సుప్రియ అనే పిల్ల ఏసుమణి పక్కనే తొక్కుతూ, "అక్కా, ఆ ఊళ్ళో మేమేం మాట్లాడాలి?" అని అడిగింది.

"వాన గురించి అడుగుతారు. తగ్గిందని చెప్పండి. ఎవరేం పెట్టినా ఇప్పుడే తిన్నామనండి."

"మరి మీరు?"

"నేను ఎనక ఉండిపోతా. గట్టు దిగినాక దారి ఒక్కటే, తప్పిపోరు. ఒడ్డున మహాలక్ష్మి అని భోజనం పెడతాది. ఆమెకు చెప్పినా."

సుప్రియ కొంచెం వెనకబడి తొక్కింది. 

చింతతోపు మలుపు తిరగ్గానే వెలుగు తగ్గిపోయింది. తడిమట్టి వాసన. జమ్ముపాళెం. గొడుగు మడిచి పట్టుకున్న ముసలాయన, చర్చి మెట్ల మీద తడిసిన మేకపిల్ల, ఇంటికప్పుల మీదికెక్కి దిగనంటున్న కోళ్ళు. కోళ్ళకే ఏదో తెలిసినట్టుండేది. సైకిళ్ళు ఒకటొకటిగా ఊరు దాటిపోయాయి. ఏసుమణి అత్త ఇంటి ముందు దిగి స్టాండేసింది. సుప్రియ కొంచెం దూరాన ఆగి చెయిను చూసుకుంటున్నట్టు వంగింది.

సమాధానం వసారాలో కూర్చుని చిన్న మూటకు తాడు కడుతున్నాడు. గీతల చొక్కా, మోకాలిదాకా మడిచిన ప్యాంటు. తల ఎత్తి చూశాడు. ఏసుమణి ఆ కసురు కోసం ఎదురుచూసింది.

"ఏం కావాలక్కా?" అన్నాడు.

రోజంతా ఎంతమంది పిలిచినా తగలని మాట, గుండెలో దిగబడింది. ఏసుమణి హెల్మెట్టు తీసింది. నుదుటి చెమట తుడుచుకుంది. అతను మర్యాదగా చూస్తూనే ఉన్నాడు, రోడ్డు మీద పోయే పెద్దామెను చూసినట్టు.

"దాహంగా ఉండాది" అనగలిగింది.

లోపల్నుంచి అత్త పరంజ్యోతి చెంబుతో వచ్చింది. "ఎవురి బిడ్డవో, ఎండిపోయి ఉండావే! నీళ్ళేం తాగుతావు, రా, రెండు ముద్దలు తిని పో. ఎండుచేపల కూర చేసినా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పీట వేసింది. కంచంలో అన్నం పెట్టింది. ఆవిరి లేస్తోంది.

ఏసుమణి పీట మీద కూర్చుంది. పెళ్ళాంగా కాకపోతే ఏం, ఈ ఇంట్లో ఎవరిగానో ఒకరిగా ఉండిపోవచ్చు. దారినపోయే మనిషిగానైనా సరే. చెయ్యి కడుక్కుంది. కూర కలిపింది.

"అమ్మా, తీసెయ్ ఆ కంచం" అన్నాడు సమాధానం గుమ్మంలోంచి.

"అదేందిరా! కూడు ముందు కూర్చున్న మనిషిని లేపతారా?"

"మబ్బు చూడు. ఆయమ్మ పొద్దుగూకక ముందే ఏరు దాటాల." అతను లోపలికి వచ్చి కంచం తనే తీసి అవతల పెట్టాడు. "తప్పుగా అనుకోవద్దక్కా. నాయుడుపేట పక్కకేనా పొయ్యేది?"

"ఊఁ."

"ఆడ బైపాసు పక్కన నా షెడ్డు ఉండాది. మా ఆడమనిషి ఉంటాది, ఏసుమణి. చిన్నపిల్ల, మొండిది. నన్ను ఎతుక్కుంటా బయల్దేరతాదని నాకు భయం. రావద్దని చెప్తావా? నేను మా అమ్మ దగ్గరే ఉండానని, నా కోసం అన్నం మానుకోవద్దని చెప్పు."

 ఏసుమణి వేళ్ళకంటిన మెతుకులను చెంబునీళ్ళతో కడిగేసుకుంది. ఒక్కొక్క వేలూ కడిగింది.

"చెప్తా" అంది.

"మర్చిపోవద్దక్కా."

"మర్చిపోను."

బయట ఆమె సైకిలెక్కుతుంటే చక్రం అటూ ఇటూ ఊగింది. అతను వచ్చి వెనక సీటు పట్టుకుని, నాలుగడుగులు పక్కన పరుగెత్తి, వదిలాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు తొక్కడం నేర్పింది అట్లాగే. దారినపోయే ఎవరికైనా అట్లాగే చేస్తాడో, తనకే చేశాడో, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి తెలియలేదు. తిరిగి చూసేంత ధైర్యం ఆమెకు లేదు.

తుమ్మచెట్ల మధ్య ఎండ మళ్ళీ మొహాన కొట్టింది. సుప్రియ వెనక నుంచి వచ్చి కలిసింది.

"ఏమన్నారక్కా?"

"ఒకామెకు మాట చెప్పమన్నాడు" అంది ఏసుమణి. కొంచెం దూరం పోయాక, "చెప్పినా" అంది.

పులికాట్ ఒడ్డున మహాలక్ష్మి పాక కింద ఆకులు పరిచి ఉన్నాయి. ఏసుమణిని చూసి మహాలక్ష్మి ఒక్క క్షణం నిలబడిపోయి, ఇంకో ఆకు వేసింది. ఏసుమణి మడవచేపల పులుసు కలుపుకుని తిన్నది. కన్నీళ్ళు ఆకులో పడుతున్నా ఆపకుండా తిన్నది, మారు అడిగి తిన్నది. దూరాన నాటుపడవ మీద ఎవరో వల విదిలిస్తున్నారు.

చెయ్యి కడుక్కుని పెంచల్‌కు ఫోన్ చేసింది.  అతను ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"పెంచల్, వచ్చే నెల టూరు కాళంగి పక్క దారి చూద్దాం. సూళ్ళూరుపేట మీదుగా. నేను రేపట్నించీ తొక్కి చూసొస్తా."

పెంచల్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పక్క మనకెవురూ తెలవదు గదక్కా."

"తెలవకపోతేనే మంచిది" అంది ఏసుమణి.