లోపలున్న సార్

ఆ ఆఫీసులో లోపల సార్ ఎవరూ లేరు. ఈ సంగతి మేడమ్‌కి పదకొండేళ్ళుగా తెలుసు. కస్టమర్లకి మాత్రం తెలియదు.

జనం దాచుకున్న డబ్బు ఎక్కడ పెట్టుకోవాలో సలహా చెప్పే ఆఫీసు అది. కళ్ళజోళ్ళ షాపు పైన, రెండో అంతస్తులో ఉంటుంది. లోపలికి రాగానే మూడు బల్లలు, ఐదు నిమిషాలు ముందు నడిచే గోడ గడియారం, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పచ్చగా ఉండే ప్లాస్టిక్ మొక్క. వెనక ఒక చిన్న తలుపు. దాని వెనక జిరాక్సు మిషను, పాత ఫైళ్ళు, చెయ్యి విరిగిన కుర్చీ. ఆ బ్రాంచికి హెడ్ అంటూ ఎవరినీ ఎప్పుడూ వెయ్యలేదు. జోనల్ ఆఫీసరు మూడు నెలలకోసారి వచ్చి, మెట్లు ఎక్కువగా ఉన్నాయని రిపోర్టులో రాసుకుని వెళ్ళిపోయేవాడు.

మేడమ్ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు బట్టల షాపాయన వచ్చాడు. మేడమ్ ఆయనకి గంటసేపు కాగితం మీద గీతలు గీసి, కూతురి చదువుకి ఎంత పక్కన పెట్టాలో, షాపుకి ఎంత ఉంచుకోవాలో విడమరిచి చెప్పింది. ఆయన అంతా విని, చాలా బాగా చెప్పావమ్మా అని మెచ్చుకుని, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుని, సార్ ఎప్పుడొస్తారని అడిగాడు.

మేడమ్‌కి ఆ రోజు తలనొప్పి. సార్ లేరని చెప్పి ఇంకో గంట వాదించే ఓపిక లేక, లోపలున్నారు, అడిగొస్తానంది. జిరాక్సు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చెప్పిందంతా మనసులో ఇంకోసారి మొదట్నించీ తిరగేసుకుంది. పాడైపోయిన జిరాక్సు కాగితం ఒకటి తీసి దాని వెనక నాలుగు ముక్కలు రాసుకుంది. బయటికొచ్చి అంతకుముందు చెప్పిందే మళ్ళీ చెప్పి, చివర "సార్ అన్నారు" అని తగిలించింది. ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

గంటలో కాని పని రెండు నిమిషాల్లో అయింది. అలవాటు పడకుండా ఉండడానికి మేడమ్ ఏమీ సన్యాసిని కాదు.

ఇంట్లో పరిస్థితి కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టు కోడలైతే నీడకి కూడా ఎవరూ నిలబడరు. బంధువులందరూ సలహా ఆమెనే అడిగి, అంతా విన్నాక ఆమె భర్త వైపు తిరిగి, నువ్వేమంటావు బావా అనేవారు. భర్త బళ్ళో డ్రాయింగు మాస్టారు. డబ్బు గురించి ఆయనకి తెలిసిందల్లా నోటు మీద బొమ్మలో చెవి సరిగ్గా కుదరలేదని. ఆయన గడ్డం నిమురుకుని, మా ఆవిడ చెప్పిందే బాగున్నట్టుంది అనేవాడు. వాళ్ళు తృప్తిగా తలలూపి, బావ చెప్పాడని ఆ పని చేసేవారు.

ఏళ్ళు గడిచేకొద్దీ లోపలున్న సార్‌కి గుణగణాలు వచ్చాయి. సార్ బయటికెందుకు రారని అడిగితే, ఆయనకి జనం పడదని మేడమ్ చెప్పేది. మనుషులంటే పడని వాడి మాట మీద మనుషులకి గురి ఎక్కువ. మార్కెట్టు కుప్పకూలిన ఏడు కస్టమర్లు మెట్ల మీద వరసకట్టి నిలబడ్డారు. సార్ కదలొద్దన్నారని మేడమ్ చెప్పింది. ఎవరూ కదల్లేదు. ఏడాది తిరిగేసరికి మార్కెట్టు లేచి కూర్చుంది, సార్ ముందుచూపు గురించి నలుగురూ చెప్పుకున్నారు. శుభలేఖలు సార్ పేరిట వచ్చేవి. పాపం లోపల ఏసీలో కూర్చుంటారని బట్టల షాపాయన ఒక ఉన్ని స్వెట్టరు ఇచ్చాడు. అది డ్రాయింగు మాస్టారికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఇలా ఉండగా బ్రాంచికి హెడ్‌ని వెయ్యాలని కంపెనీ నిర్ణయించింది. మేడమ్ దరఖాస్తు పెట్టింది. ఈ పోస్టు కోసం ఆమె వంట చేస్తూ చదివి రెండు పరీక్షలు పాసైంది. పక్క బల్ల మీద కూర్చునే సలహాదారు కూడా దరఖాస్తు పెట్టాడు. ఆయన మేడమ్ తర్వాత నాలుగేళ్ళకి చేరాడు. మండుటెండలో కూడా టై విప్పడు కాబట్టి అందరూ టై అన్న అంటారు. ఆయన ఏ పరీక్షా రాయలేదు కానీ టై ఉంది.

ఎవరి సలహా వల్ల మీకు మేలు జరిగిందని కంపెనీ కస్టమర్లకి ఫారాలు పంపింది. రెండు వందల మంది నింపి పంపారు. నూట డెబ్బై ఒక్క మంది "లోపలున్న సార్" అని రాశారు. ఇరవై రెండు మంది మేడమ్‌ని కూడా తలుచుకున్నారు, రాగానే కుర్చీ వేస్తుందని. జోనల్ ఆఫీసరు ఫోన్ చేసి, ఇంతటి మనిషిని ఇన్నాళ్ళు రికార్డుల్లోకి ఎక్కించకపోవడం మన తప్పేనని నొచ్చుకుని, గురువారం వచ్చి ఆయన్నే హెడ్‌గా వేస్తానన్నాడు.

గురువారం పొద్దున డ్రాయింగు మాస్టారు స్వెట్టరు వేసుకుని టిఫిను తింటున్నాడు. మేడమ్ ఆయన ఎదురుగా కూర్చుని, నిజం చెప్తే అబద్ధాలాడినందుకు ఉద్యోగమే పోవచ్చని, చెప్పకపోతే పోస్టు సార్‌కి పోతుందని అంది.

"సార్ ఎవరూ లేరు కదే" అన్నాడాయన.

"టై ఉంది కదండీ."

ఆయన కాసేపు ఆలోచించి, స్వెట్టరు తిరిగిచ్చెయ్యాలా అని అడిగాడు.

ఆమె ఆఫీసుకి వెళ్ళేసరికి మూడో బల్ల మీద కూర్చునే చిన్నమేడమ్ ఒక కస్టమరుతో మాట్లాడుతోంది. ఆ అమ్మాయి చేరి ఏడాదిన్నరైంది. లెక్క చక్కగా చెప్పింది, మేడమ్ చెప్పినా అంతే చెప్పేది. కస్టమరు అంతా విని, సార్ ఉన్నారా అన్నాడు. చిన్నమేడమ్ తడుముకోకుండా లేచి, జిరాక్సు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మేడమ్‌కి తను పదకొండేళ్ళ క్రితం వేసిన తలుపు ఇప్పుడు మూసుకున్నట్టు అనిపించింది.

కస్టమరు వెళ్ళాక, ఇది నీకెవరు నేర్పారే అని అడిగింది.

"మీరే కదా మేడమ్. చూసి నేర్చుకున్నా."

"లోపలికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏముంటుంది మేడమ్, రెండు నిమిషాలు ఫోన్ చూసుకుని వస్తా."

మేడమ్ ఆ అమ్మాయిని తిట్టలేదు. తిట్టడానికి ముఖం చెల్లలేదు.

పదకొండింటికి జోనల్ ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. ఫారాల కట్ట బల్ల మీద పెట్టి, సార్ ఎక్కడ అన్నాడు. మేడమ్ నోరు తెరిచేలోపు టై అన్న గొంతు సవరించుకున్నాడు. జనం ప్రేమకొద్దీ ఏదో అంటుంటారని, తను ఎప్పుడూ అలా పిలవమని అడగలేదని, అయినా ఇక్కడ సార్ అనదగ్గ మనిషి వేరే ఎవరున్నారని నేలచూపులు చూస్తూ చెప్పాడు. సిగ్గుపడ్డప్పుడు ఆయన టై ఇంకా తిన్నగా కనిపించింది.

"మీరెప్పుడూ లోపల కూర్చోలేదు కదన్నా" అంది చిన్నమేడమ్.

"లోపలా బయటా అని కాదమ్మా. హోదా."

మేడమ్ లేచింది. "సార్‌ని చూపిస్తా రండి" అని జిరాక్సు గది తలుపు తీసింది. జోనల్ ఆఫీసరు జుట్టు సరిచేసుకుని లోపలికి తొంగిచూశాడు. మిషను, ఫైళ్ళు, కుర్చీ. ఆయన మర్యాదగా తలుపు వెనక కూడా చూశాడు.

"ఈ గదే సార్" అంది మేడమ్. "పదకొండేళ్ళుగా నా మాట నేను చెప్తే ఎవరూ వినలేదు. ఇందులోకొచ్చి వెళ్ళి చెప్తే విన్నారు."

తర్వాత అరలోంచి ఒక కాగితాల బొత్తి తీసి ఆయన చేతికిచ్చింది. అన్నీ పాడైపోయిన జిరాక్సులే. ఒక్కోదాని వెనక తేదీ, కస్టమరు, చెప్పిన సలహా, ఎందుకు చెప్పిందో కారణం. అన్నీ ఆమె చేతిరాతే. జోనల్ ఆఫీసరు తిరగేస్తూ ఒకచోట ఆగాడు. అక్కడ రాసింది కొట్టేసి కింద వేరే రాసి ఉంది.

"ఇదేంటి?"

"బయట ఒకటి చెప్పా. లోపలికొచ్చి ఆలోచిస్తే తప్పనిపించింది. అట్లాంటివి మొత్తం తొమ్మిది ఉన్నాయి. సార్ వద్దన్నారని వెళ్ళి మార్చి చెప్పా. నేను పొరబడ్డానంటే మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. సార్ వద్దన్నారంటే, ఎంత జాగ్రత్తపరుడోనని మురిసిపోయారు" అంది.

టై అన్న టై కొద్దిగా వదులు చేసుకున్నాడు. ఆఫీసులో ఆ దృశ్యం అదే మొదలు.

జోనల్ ఆఫీసరు చాలాసేపు ఫారాల వైపూ కాగితాల వైపూ మార్చి మార్చి చూశాడు. కస్టమర్లని తప్పుదారి పట్టించడం చిన్న విషయం కాదన్నాడు. సలహాలు మాత్రం మంచివేనన్నాడు. ఫారాల్లో సార్ అని స్పష్టంగా ఉండగా మేడమ్‌ని వేస్తే కస్టమర్ల అభిప్రాయాన్ని తోసేసినట్టవుతుందేమోనని కూడా అన్నాడు. చివరికి కాగితాలు బల్ల మీద పెట్టి, "పైవాళ్ళని అడిగి చెప్తాను" అన్నాడు.

"మీరే నిర్ణయించొచ్చని సర్క్యులర్ ఏడో పేజీలో ఉంది సార్."

"అది మీరెక్కడ చూశారు?"

"దాన్ని జిరాక్సు తీసింది నేనే." మేడమ్ గొంతు ఏమాత్రం పెంచలేదు. "పైవాళ్ళంటే ఎవరు సార్? మీకూ అక్కడ ఇట్లాంటి గది ఉందా?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు, అది ఎలాగూ తప్పే చూపిస్తోంది. తర్వాత, ఎవరూ ఊహించని విధంగా, జిరాక్సు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. బయట ముగ్గురూ నిలబడే ఉన్నారు. లోపల చెయ్యి విరిగిన కుర్చీ ఒకసారి కిర్రుమంది.

బయటికొచ్చాక ఆయన పోస్టు మేడమ్‌కేనన్నాడు. మూడు నెలల్లోగా కస్టమర్లందరికీ ఈ సంగతి ఆమే స్వయంగా చెప్పాలి. ఎంతమంది వెళ్ళిపోయినా ఆ బాధ్యత ఆమెదే. చెప్పకుండా ఒక్కరు మిగిలినా పోస్టు ఉండదు. మేడమ్ ఒప్పుకుంది.

మొదట బట్టల షాపుకే వెళ్ళింది. ఆయన థాను చుడుతూ చుడుతూ ఆగిపోయాడు.

"పదకొండేళ్ళూ నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"మార్కెట్టు పడ్డప్పుడు కదలొద్దన్నది?"

"అదీ నేనే."

ఆయన థాను పూర్తిగా చుట్టి అరలో పెట్టాడు. అంత మొండిధైర్యం సార్‌ది అనుకున్నానన్నాడు. నువ్వని తెలిస్తే ఆ రోజే డబ్బంతా తీసేసుకుని మునిగిపోయేవాణ్ణని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. తన ఖాతా కదిలించనన్నాడు. మేడమ్ గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు.

"మరి ఆ స్వెట్టరు?"

"మా ఆయన వేసుకుంటున్నారండీ."

"ఆయన కూడా మీ లైన్లోనేనా?"

"డ్రాయింగు మాస్టారండీ."

ఆయన నిట్టూర్చాడు. ఆ మోసం మాత్రం కాస్త గట్టిగానే తగిలినట్టుంది.

మూడు నెలల్లో పద్నాలుగు మంది వెళ్ళిపోయారు. సార్ చనిపోయిన సంగతి దాస్తున్నారేమోనని ఇద్దరు పరామర్శకి వచ్చారు. మిగతావాళ్ళు కొన్నాళ్ళు గింజుకుని ఉండిపోయారు. టై అన్న వేరే బ్రాంచికి మార్పించుకున్నాడు. అక్కడ లోపలా బయటా ఆయనే సార్.

మేడమ్ హెడ్ అయ్యాక జిరాక్సు గదిలోకి కొత్త కుర్చీ వేయించింది, తలుపు మాత్రం పీకించేసింది.

ఒకరోజు చిన్నమేడమ్ ఒక కొత్త కస్టమరుకి అంతా చెప్పడం అయ్యాక ఆయన అలవాటుగా అటూ ఇటూ చూసి, పైన ఎవరున్నారని అడిగాడు. ఆ అమ్మాయి మేడమ్ బల్ల వైపు చూసింది. మేడమ్ ఫైల్లోంచి తలెత్తలేదు.

"పైన వాటర్ ట్యాంకు ఉందండీ" అంది చిన్నమేడమ్. "మీ విషయం ఇంకోసారి ఆలోచించాలి. రెండు నిమిషాల్లో వస్తా."

ఫోను బల్ల మీదే వదిలేసి, ఒక పాత జిరాక్సు కాగితం, పెన్ను తీసుకుని వెళ్ళి ఆ కొత్త కుర్చీలో కూర్చుంది. తలుపు లేదు కాబట్టి ఆమె రాయడం, ఆగడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. కస్టమరు కంగారుగా మేడమ్ వైపు వంగి, ఏమైనా సమస్యా అని గుసగుసగా అడిగాడు. ఆయన ఎందరో సలహాదారుల్ని చూశాడు కానీ ఆలోచిస్తున్నవాళ్ళని చూడడం ఇదే మొదటిసారట.