బానెట్ మీద ఊలు దారాలు

మనిషికి చేసిన తప్పును దేవుడి దగ్గర ఒప్పుకుంటే చెల్లుతుందా అన్న సందేహం నాకు ఆరేళ్ళుగా ఉంది. రోజూ పొద్దున స్నానం చేసి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఒప్పుకునేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనాన్ని నేను నాకు అనుకూలంగా తీసుకుంటూ వచ్చాను.

నాది కార్ల రేకు పని. సొట్టలు తీస్తాను, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతుకుతాను. ఇంజన్ల పని నా బావమరిది చూసేవాడు. అతన్ని షెడ్డులో అందరూ నిదానం అనేవారు. రేడియేటర్లో నీళ్ళు పోస్తే, లోపల ఇరుక్కున్న గాలి బుడగలన్నీ పోయేదాకా మూత తీసి, ఇంజను నడుపుతూ గంటసేపు పక్కనే కూర్చునేవాడు.

"ఇంకా బుడగలొస్తున్నాయా, నువ్వే వాటిని కని పెంచుతున్నావా?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

ఆరేళ్ళ కిందట పళ్ళ డాక్టరు గారు తన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. అందులో ఇంకో పెద్ద ఇంజను వేయించుకున్నారు, ముందు వైపు పెద్ద రేడియేటరూ పెట్టించారు. దాని గుండా వచ్చిన వేడి గాలి పోయే దారి లేక ఇంజను ఉడికిపోతోంది. బానెట్‌కు కిటికీల్లాంటివి కోయాలి.

నిదానం వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ కోయి బావా, రేడియేటర్ వెనకే. ముందు అద్దం దగ్గర మాత్రం వద్దు. కారు పరిగెత్తేటప్పుడు గాలి అద్దానికి కొట్టుకుని అక్కడ ఆగిపోతుంది. లోపలిది బయటికి రాదు సరికదా, బయటిదే లోపలికి దూరుతుంది."

"రేకు పని నాదా, నీదా?" అన్నాను.

అద్దం దగ్గరైతే అందంగా ఉంటుందని నా ఊహ. అతను వద్దన్నాడు కాబట్టి మరీ అక్కడే కోశాను. అటు మూడు, ఇటు మూడు, చేప మొప్పల్లా చీలికలు. రెండు రోజులు ఆకురాయి పట్టి అంచులు నున్నగా తీర్చాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మర్నాడే కొండ రోడ్డు మీద ఇంజను మరిగి, దాని పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోయింది. కారును తాడు కట్టి లాక్కొచ్చారు. "ఏమైంది మేస్త్రీ?" అని డాక్టరు గారు అడగ్గానే నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"మావాడు తొందరపడ్డాడండీ. రేడియేటర్లో గాలి సరిగ్గా తీయలేదు."

ఇంకెవరి మీద వేసినా సరిపోయేదేమో గాని, ఆ నింద అతని మీద వేయకూడనిది. నిదానం నా వైపు చూశాడు. చేతిలోని గుడ్డ బానెట్ మీద పెట్టి పక్కకు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నా భార్య కూడా తమ్ముణ్ణి చీవాట్లు పెట్టింది, "నీ తొందరతో మీ బావ పరువు తీశావు కదరా" అని. నేను అన్నం కలుపుకుంటూ విన్నాను. వారం తిరక్కుండా అతను తన పానాలు సర్దుకుని బస్సుల షెడ్డులో చేరాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

డాక్టరు గారు గాస్కెట్ మార్పించినా కారు మళ్ళీ మళ్ళీ ఉడకడంతో గుడ్డ కప్పి మూల పెట్టేశారు. మొన్న వాళ్ళమ్మాయి దాన్ని బయటికి తీసి నా దగ్గరికి తెచ్చింది. ఎర్ర ఊలును జానెడేసి ముక్కలుగా కత్తిరించి బానెట్ నిండా టేపుతో అంటించింది.

"కూర్చోండి అంకుల్, గాలి ఎటు పోతోందో చూద్దాం."

వేగం పెరిగేకొద్దీ దారాలన్నీ వెనక్కి వాలాయి. నా చీలికల దగ్గరవి మాత్రం తలలు వంచి ఒక్కొక్కటే లోపలికి దూరాయి.

ఆ అమ్మాయి నవ్వింది. "వేడి పోవడానికి కోసిన కిటికీలోంచి గాలి లోపలికొస్తోంది. లోపల గాలి ముందే నిండిపోతే రేడియేటర్ గుండా ఇంకేం వస్తుంది? ఎవరు కోశారంకుల్ ఈ మొప్పలు?"

"నేనేనమ్మా."

"మరి నాన్న ఎవరో మెకానిక్ తప్పన్నారే?"

"అప్పుడలా అనుకున్నాం" అన్నాను.

అనుకున్నాం. ఒక్కడి అబద్ధాన్ని నలుగురి మీద కప్పే మాట. దారి పొడుగునా పక్క అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఆ చీలికలు మూసి వెల్డింగ్ పెట్టి, రేడియేటర్ వెనక, నిదానం వేలు పెట్టిన చోటే కొత్తవి కోశాను. ఈసారి అక్కడి దారాలు పైకి లేచి ఆడాయి. కొండ ఎక్కినా వేడి చూపే ముల్లు సగం దాటలేదు. డాక్టరు గారు "పనంటే నీదే మేస్త్రీ" అని భుజం తట్టారు. ఆ చెయ్యి భుజం మీద ఉండగా ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"నాది కాదండీ. ఈ చోటు ఆరేళ్ళ కిందటే మావాడు చూపించాడు. ఆ రోజు అతను గాలి సరిగ్గానే తీశాడు. నేను అబద్ధం చెప్పాను."

ఆయన చెయ్యి తీసేశారు. "అతను దారిలో కనబడి నమస్కారం పెడితే మొహం తిప్పుకున్నాను, నీ మాట నమ్మి" అన్నారు. కారు తలుపు తీసి, "ఎక్కు" అన్నారు.

బస్సుల షెడ్డులో నిదానం ఒక బస్సు కిందనుంచి లేచి వచ్చాడు. గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ నేను చెప్పిందంతా విన్నాడు. డాక్టరు గారు క్షమించమన్నారు. అతను కారు దగ్గరికి వెళ్ళి కొత్త చీలికల అంచులు తడిమి చూశాడు.

"బాగా కోశావు బావా" అన్నాడు. ఆ వెంటనే, "అక్కకి చెప్పావా?" అని అడిగాడు.

"లేదు."

"ఆ రోజు నేను నోరు మూసుకుంది అక్క కోసం. తిట్టిందీ అక్కే."

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ బట్టలు మడతపెడుతోంది. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను.

"నేను వాణ్ణి తిడుతుంటే మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"అన్నం తింటున్నారు."

"అవును."

చేతిలో ఉన్న నా చొక్కా పక్కన పడేసి ఫోను అందుకుంది. "నేనేరా" అంది. అవతల అతనే ఏదో మాట్లాడుతున్నాడు. "తప్పు నీది కాదటరా" అని చివరికి అనగలిగింది. ఆరేళ్ళుగా అతనికి బాకీ పడ్డ మాట అలా ముట్టింది. నాకు ఆ గదిలో ఉండాలనిపించక గుమ్మం బయటికి వెళ్ళి, అక్కరలేకపోయినా చెప్పులు సర్దుతూ ఉండిపోయాను.