తొమ్మిదో నంబరు ఇళ్లు

పొద్దున్నే తరలింపు కమిటీ కార్యదర్శి అర్చన డాక్టర్ ముబషిరాకు ఫోన్ చేసి ఒక చిన్న కోరిక కోరింది.

"మేడం, మీ రిపోర్టు అందరికీ నచ్చింది. ఇప్పలగుండం పెంట నుంచి ముప్పై ఎనిమిది కుటుంబాలు వాటంతటవే బయటికి వెళ్లిపోయాయని రాశారు కదా, వాళ్లలో ఇద్దరిని మధ్యాహ్నం మీటింగుకు తీసుకురండి. అడవి బయట ఎంత బాగా బతుకుతున్నారో రెండు ముక్కలు చెబితే చైర్మన్ గారు సంతోషిస్తారు."

"తప్పకుండా," అంది ముబషిరా. అనేశాక గుర్తొచ్చింది, పెంట అనే ఆ అడవి గూడెం వదిలి ఆ కుటుంబాలు ఎక్కడికి వెళ్లాయో నూట ఎనభై పేజీల రిపోర్టులో ఒక్క ముక్కయినా లేదని.

ఆమె ఉన్నది వనపర్తిలో, అక్క షాహెదా ఇంట్లో. చెల్లెలి ముఖం చూసి అక్క చాయ్ గిన్నె దించి మరీ వచ్చింది. "ఏమయ్యిందే? గంత పరేషాన్ అయినవ్?"

"ఏం లేదు ఆపా."

ఏం లేదనడం పెద్ద చదువులు చదివినవాళ్లకు బాగా అలవాటు. టైలర్ మహబూబ్ చిన్న కూతురు ముబషిరా హైదరాబాద్‌లో అర్థశాస్త్రం ప్రొఫెసరై ఇరవై ఆరేళ్లయింది. అడవి పల్లెలను ఎలా బాగుచేయాలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆమెను పిలిచి అడిగాయి, ఆమె చెప్పినట్టే చేశాయి. ఇప్పుడు మూడోది, సొంత గడ్డ. ఈ పని ఒడ్డెక్కితే ఢిల్లీలో సుస్థిరాభివృద్ధి సలహా మండలిలో కుర్చీ ఖాయమని అందరూ అంటున్నారు. ఆ కుర్చీ కావాలని ఆమెకూ ఉంది. లేదని చెప్పుకునేంత అబద్ధాలకోరు కాదు.

కమిటీ పెట్టుకున్న నియమం ఒకటే. ఊరిని అడవి బయటికి తరలించాలంటే మూడింట రెండు వంతుల ఇళ్లు సరేననాలి. ఇప్పలగుండం పెంటలో ఉన్నవి తొంభై ఆరిళ్లు. ఇరవై తొమ్మిది ఇళ్లవాళ్లు పోతామన్నారు, ఇరవై తొమ్మిది ఇళ్లవాళ్లు పోమన్నారు. మిగిలిన ముప్పై ఎనిమిది ఇళ్లలో మనుషులే లేరు. ఫారంలో అలాంటి ఇంటికి తొమ్మిదో నంబరు వేస్తారు. మూడుసార్లు వెళ్లినా మనిషి లేడంటే ఆ ఇంటివాళ్లు ఇష్టపడే వెళ్లిపోయారని, వెళ్లిపోయినవాళ్లు సరే అన్నట్టేనని నియమం రాసింది ముబషిరాయే. అలా ఒప్పుకున్నవి అరవై ఏడిళ్లయ్యాయి. లెక్క ఎంత నున్నగా కుదిరిందో చూసుకుని అప్పట్లో ముచ్చటపడింది కూడా.

నాగర్‌కర్నూల్‌లో శ్రవణ్ కుమార్ కారెక్కాడు. సర్వే పిల్లలందరికీ పెద్ద అతనే. అతను ఎక్కీ ఎక్కగానే ముబషిరా అడిగింది.

"శ్రవణ్, తొమ్మిదో నంబరు ఇళ్లవాళ్లు ఎక్కడికి వెళ్లారు?"

"గది ఫారంల అడగలేదు మేడం. మూడుసార్లు పోయి చూడమన్నరు, చూసినం. సోమారం పోయినం, బుధారం పోయినం, శుక్రారం పోయినం. మూడుసార్లు గూడ తడికెకు రేగుకంప అడ్డం పెట్టే ఉండె."

"అన్నీ ఒకే వారంలోనా?"

"మూడుసార్లని రాసిన్రు గని, ఎన్నొద్దులు ఆగి పోవాల్నో రాయలే కదా మేడం." అతని గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఆ ఫారం మేడందే.

ఉప్పునుంతల దాటాక ఆమె కిటికీ దించింది. గాలి మరీ కొడుతుంటే మళ్లీ ఎక్కించింది. పక్కిళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది, ఎక్కడో అచ్చంపేట వైపు కూలికి వెళ్లి ఉంటారు, ఇద్దరిని పట్టుకోవచ్చు అని తనకు తనే చెప్పుకుంది. ఉప్పునుంతల నుంచి అడవి అంచు దాకా ఆ మాటే చెప్పుకుంటూ పోయింది.

మన్ననూర్ ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా కారు మట్టిదారి పట్టింది. వానలు మొదలై పది రోజులైంది. పెంటలోకి అడుగుపెట్టగానే ముబషిరా ఇంటింటి తడికె వైపు చూసింది. ఏ ఇంటికీ కంప లేదు. తడికెలన్నీ తీసి ఉన్నాయి. కప్పుల మీంచి పొగ లేస్తోంది, కుక్కలు అరుస్తున్నాయి, ఒకావిడ చేటలో ఏవో గింజలు చెరుగుతోంది. చేతిలో ఉన్న జాబితా తీసి తొమ్మిదో నంబరు పడ్డ మొదటి పేరు చదివింది.

"సాయన్న ఇల్లెక్కడమ్మా?"

"నా అల్లుడే. గా ముంగటిల్లే," అంది చేట పట్టుకున్న ఆవిడ. ఆమె పేరు బసవమ్మ. అరవై దాటి ఉంటాయి, గొంతు మాత్రం పెంటంతా వినిపిస్తుంది. "ఏం పని వానితోని?"

"వాళ్లు ఎప్పుడు తిరిగొచ్చారు?"

"ఏడికెళ్లి?"

"ఊరొదిలి వెళ్లిపోయారు కదా, ఎండాకాలంలో."

బసవమ్మ చేట కింద పెట్టి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "ఊరిడిసి పోవుడేందమ్మా? తేనెకు పోయిన్రు. కొండ పట్టుకు పోతే నెలకు తక్కువ కాదు. ఆలుపిల్లలందరు పోతరు, ఆడ్నే ఉంటరు. తడికెకు కంప పెట్టి పోతే ఇంట్ల మనిషి మళ్లొస్తడని లెక్క. రానోడు కంప ఎందుకు పెడ్తడు?"

శ్రవణ్ ముఖంలో రంగు మారింది. ముబషిరా జాబితాలో వేలు పెట్టి ఇంకో పేరు చదివింది. రవి.

"నా కొడుకు," అంది బసవమ్మ. "సాయన్న పోతే వాడు పోకుంట ఎట్ల? తాడు పట్టేది వాడే కదా."

అత్త గొంతు విని సాయన్న ఇంట్లోంచి వచ్చాడు. చేతుల నిండా పాత కుట్ల మచ్చలున్న నలభై ఏళ్ల మనిషి. విషయం అతనే నెమ్మదిగా చెప్పాడు. కొండ అంచు నుంచి తాడుతో దిగి తేనెపట్టు కోస్తారు. పైన తాడు పట్టేది బామ్మర్దే, భార్య అన్నో తమ్ముడో. అన్నదమ్ములకు ఆ తాడు ఇవ్వరు. "బామ్మర్ది అయితే అక్క ముండమోయొద్దని గట్టిగ పడ్తడు," అని నవ్వాడు. "అందుకే ఒక ఇల్లు కదిలితే ఆలి పుట్టిల్లు గూడ కదులుతది. వాని తాడుకు మళ్ల వాని బామ్మర్ది గావాలె. గట్ల సగం పెంట లేస్తది."

ముబషిరా అక్కడున్న మంచం మీద కూర్చుంది.

ఒక ఇల్లు కదిలితే ఇంకో ఇల్లు కదులుతుందన్నది ఆమె పదిహేనేళ్ల కింద కనిపెట్టిన సిద్ధాంతమే. మొదటి రాష్ట్రంలో సర్వే చేసినప్పుడు తొమ్మిదో నంబరు ఇళ్లు ఒంటరిగా కాక జట్లుజట్లుగా కనిపించాయి. ఒకరిని చూసి ఒకరు అడవి వదిలి మంచి బతుకు కోసం వెళ్తున్నారని ఆమె రాసింది. దానికి పొరుగు ప్రభావమని పేరు పెట్టింది. ఆ పేరే ఆమెకు పేరు తెచ్చింది. విదేశాల్లో దాని మీద ప్రసంగాలు ఇచ్చింది, పిల్లలకు పాఠం చెప్పింది. ఇన్నేళ్లలో బామ్మర్దులన్న ఆలోచన ఆమెకు గానీ, ఆమెకు చప్పట్లు కొట్టినవాళ్లకు గానీ రానేలేదు.

అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఆ రెండు రాష్ట్రాల్లో సర్వే ఏ నెలలో చేశారో గుర్తొచ్చింది. ఎండాకాలమే, బీడీల తునికాకు కోతకు ఇంటిల్లిపాదీ అడవిలోకి వెళ్లే రోజులు. అక్కడ తొమ్మిదో నంబరు పడ్డవి నాలుగు వందల పన్నెండు ఇళ్లు. అక్కడ కమిటీ మీటింగులు అయిపోయాయి, సంతకాలు అయిపోయాయి, ఇళ్లు కూల్చడమూ అయిపోయింది. కూల్చేముందు వాళ్లు తిరిగొచ్చారో లేదో ఆమె అడగలేదు. అడగాల్సిన గడి ఫారంలో లేదు.

ఇది ఎవరికి తెలుసు? తనకు. శ్రవణ్‌కు ఈ పెంట సంగతే తెలుసు. మిగతాది తన నోట్లోంచి వస్తే తప్ప బయటికి రాదు.

"మీటింగుకు ఇద్దరిని తీసుకురమ్మన్నారు," అంది లేచి. "మీరిద్దరూ నాతో వస్తారా?"

మన్ననూర్‌లో మీటింగు ఒక చిన్న హాల్లో. కమిటీ చైర్మన్ దశరథం రిటైరైన పెద్ద అధికారి, ఓపిగ్గా వినే మనిషి. అర్చన బసవమ్మనూ సాయన్ననూ చూసి ముచ్చటగా నవ్వి ముందు వరసలో కూర్చోబెట్టింది. ముబషిరా మైకు అందుకుంది.

"వీళ్లు ఊరొదిలిన కుటుంబాలు కాదు. తేనెకు వెళ్లినవాళ్లు. నేను తప్పు రాశాను. ఒప్పుకున్న ఇళ్లు అరవై ఏడు కాదు, ఇరవై తొమ్మిదే. ఈ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను."

పావుగంట గుసగుసలు నడిచాయి. ఇంక పరువు పోయినట్టే, అందరూ మీద పడతారు అనుకుని ఆమె తల వంచుకుని నిలబడింది. జరిగింది వేరు. దశరథం లేచి చప్పట్లు కొట్టాడు.

"తన తప్పు తనే చెప్పుకునే మేధావులు ఎందరుంటారండీ? ఇంతకుముందు రెండు రాష్ట్రాల్లో ఇంతకన్నా పెద్ద పనులు చక్కబెట్టి వచ్చిన మనిషి ఈమె. ఈ తరలింపు ఇక్కడితో ఆపేస్తున్నాం."

హాలంతా చప్పట్లు. సాయన్న కూడా కొట్టాడు. టీ విరామంలో అర్చన దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "నేను హడలిపోయాను మేడం. కానీ మీ పేరు ఇంకా పెరిగింది. ఢిల్లీ వాళ్లకు ఈ సంగతి నేనే చెబుతాను, మీ కుర్చీకి ఢోకా లేదు."

ముబషిరాకు ఒళ్లంతా తేలికైంది. పెంట నిలిచింది, పరువు నిలిచింది. ఇంకేం కావాలి? పొద్దుటి నుంచి మొదటిసారి టీ రుచి తెలిసింది. ఆ తేలికదనం మీద ఆమెకు అసహ్యం కూడా వేసింది, కానీ కప్పు దించలేదు.

బసవమ్మ వచ్చి పక్కన నిలబడింది. "అమ్మా, గా పెద్దసారు ఇంకో రెండు కాడ చేసినవన్నడు. గాడ గూడ గిట్లనే రాసినవా?"

"రాశాను."

"ఈడ నేను చెప్పిన, నీకు తెల్సింది. గాడ ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు."

బసవమ్మ నవ్వలేదు. కోపం కూడా లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మరి గాళ్లు అడివిల పని జేసుకొని ఇంటికి మళ్లొచ్చిన నాడు ఏడ పండుకున్నరు?"

పునరావాస కాలనీల్లో అని చెప్పొచ్చు. కానీ కాలనీలో ఇళ్లు ఇచ్చింది జాబితాలో ఉన్నవాళ్లకు. తొమ్మిదో నంబరు వాళ్లు అప్పటికే వెళ్లిపోయినవాళ్లు, వాళ్లకు ఇల్లెందుకని ఆ జాబితాలోంచి తీసేయించిందీ ముబషిరాయే. ప్రభుత్వానికి ఖర్చు తగ్గించిన సలహా అని అప్పట్లో పొగిడారు.

కప్పు కింద పెట్టింది. అర్చన వద్దని కళ్లతో సైగ చేస్తూనే ఉంది. ఏం చెప్పబోతోందో అర్చనకు తెలియదు, ఏదో చెప్పబోతోందని మాత్రం కనిపెట్టింది. ముబషిరా మైకు దగ్గరికి వెళ్లింది. ఎవరో దాన్ని ఆపేసి ఉంచారు. ఆమె మైకు లేకుండానే మొదలుపెట్టింది.

"చైర్మన్ గారూ, నేను సగమే చెప్పాను. ఆ రెండు రాష్ట్రాల్లోనూ ఇదే ఫారం, ఇదే నంబరు. అక్కడ ఆపడానికి ఇప్పుడేం మిగల్లేదు. ఇళ్లు కూల్చేశారు. నా సలహా మీదనే కూల్చేశారు."

దశరథం చేతిలోని బిస్కెట్టు ప్లేటులో పెట్టాడు.

"ఎన్ని ఇళ్లు?" అన్నాడు.

"నాలుగు వందల పన్నెండు."

"వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు?"

ఇరవై ఆరేళ్లుగా ఏ ప్రభుత్వం ఏది అడిగినా ఆమె దగ్గర ఒక జవాబు ఉండేది, జవాబు కింద ఒక పట్టిక ఉండేది.

"నాకు తెల్వదు సార్," అంది ముబషిరా.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.