ఏడు తరాల కింద బటన్

గుడారం నా పుట్టింటిది. దాని గోడలకు కప్పే దళసరి ఉన్ని మా అమ్మా నేనూ కొట్టి, తడిపి, కాళ్ళతో తొక్కి చేసిందే. ఏటా వేసవిలో మా కొండల మీది సోన్‌కుల్ సరస్సు ఒడ్డున దాన్ని వేసి అతిథులను ఉంచుకునేవాళ్ళం. ఈమధ్య వాళ్ళు రావడం తగ్గించేశారు. ఈ వేసవీ ఇలాగే పోతే అమ్మేద్దామని మా అబ్బాయి తేల్చేశాడు.

కోడలు బురుల్చా రాజధాని బిష్కెక్‌లో ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చిన పిల్ల. ఇంటర్నెట్‌లో మాకో పేజీ తయారుచేసింది. తెరవగానే సరస్సు, గుడారం, రోజుకెంతో ధర, దాని కిందే ఒక బటన్. అది నొక్కి నంబరు ఇస్తే మేమే ఫోన్ చేస్తాం. చూసి నాకు ముచ్చటేసింది.

మా ఆయనకు మాత్రం ఒళ్ళు మండింది.

“గుమ్మంలో అడుగు పెట్టకముందే నీ నంబరెంత అని అడుగుతావా అమ్మాయ్? టీ తాగకముందు మనింట్లో ఎవరినైనా పేరైనా అడిగామా?”

“ఇది ఇల్లు కాదు కదా మావయ్యా. వచ్చినవాళ్ళు ఒక్క క్షణం చూసి పోతారు.”

“పోరు. ముందు రొట్టె పెట్టు.”

మామ మాటకు ఎదురు చెప్పే కోడళ్ళు మాలో లేరు. పేజీ మీదికి రొట్టె వచ్చింది, గుర్రపు పాలు వచ్చాయి, గుర్రాలూ వచ్చాయి. ఆపైన మా ఆయన ఏడు తరాల తాతలు, ఎవరి ఘనత వారిదిగా బారులు తీరారు. బటన్ వాళ్ళందరి కాళ్ళ దగ్గర అట్టడుగున పడింది.

జూన్‌లో బురుల్చా ఫోన్ పట్టుకొచ్చింది. “చాలామందే చూస్తున్నారు మావయ్యా. మూడో తాత దగ్గరికొచ్చేసరికి వెళ్ళిపోతున్నారు.”

“ఆయన గుర్రాల దొంగని తెలిసిపోయుంటుంది,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “ఓపిక లేనివాడు అతిథే కాడు,” అన్నాడు.

ఓపికున్నవాడు ఆ వేసవంతా ఒక్కడంటే ఒక్కడు రాలేదు.

సెప్టెంబరులో గుడారం కొనుక్కున్న రోడ్డు పక్క హోటలువాడు లారీ తెచ్చాడు. గుడారం కప్పు మీది చెక్క చక్రాన్ని ఎక్కిస్తుంటే దాని దుమ్ము నా చేత్తోనే తుడిచాను. మా ఆయన తాళ్ళు తనే చుట్టి అందించాడు. లారీ మలుపు తిరిగాక కోడలి దగ్గరికొచ్చాడు.

“ఆ బటన్ పైన పెట్టమ్మాయ్.”

“ఇప్పుడెందుకు మావయ్యా?”

“నీ మాట నిజమో కాదో చూడాలి.”

తాతలు కిందికి దిగారు. వచ్చే వేసవికి కావాలంటూ నంబర్లు రావడం మొదలైంది. మా అబ్బాయి పరుగున హోటలుకు వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. హోటలువాడు అప్పటికే ఉన్ని కోసేసి కిటికీలు పెట్టుకున్నాడట. మా అమ్మ తొక్కిన ఉన్ని.

నంబరు ఇచ్చిన ప్రతివాళ్ళకూ మా ఆయనే ఫోన్ చేస్తున్నాడు.

“గుడారం లేదు నాయనా. తప్పు నాదే. ఇల్లుంది, టీ ఉంది. ఇటుగా వస్తే రండి.”

పేరు మాత్రం ఇప్పటికీ ఒక్కరినీ అడగడు.