మరక మీది అక్షరాలు

వినోద కూరలో పసుపు వేస్తుండగా భర్త సుదర్శన్ లెటర్‌హెడ్ల కట్ట తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు. "ఓ పది సంతకాలు పెట్టు వినోదా, జర జల్ది పోవాలె" అన్నాడు. పైన ఎర్రటి అక్షరాల్లో ఆమె పేరు, పేరు కింద కార్పొరేటర్ అన్న మాట, మిగతాదంతా ఖాళీ. వాటి మీద ఏం రాస్తారని వినోద అడగలేదు. గెలిచిన కొత్తలో అడిగేది. "దవాఖాన లెటర్లు, పింఛన్ లెటర్లు, ఇంకేముంటయి? నీకెందుకు ఫికర్?" అనేవాడు. ఎడమ చేత్తో గరిటె తిప్పుతూ కుడి చేత్తో పది సంతకాలు చేసింది. కూర అడుగంటలేదు. అంటితే అత్తమ్మ ఊరుకుంటుందా? "కార్పొరేటరైతేంది, తినేది అన్నమే గదా" అంటుంది.

ఇద్దరూ లా కాలేజీలో ఒకే క్లాసు. మార్కులు ఆమెకే ఎక్కువ. పెళ్లయ్యాక ఇంటి ముందు గదిలో ఆఫీసు పెట్టారు, బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే రాయించారు. "నీ డ్రాఫ్టింగు ముందు నేనెంత వినోదా! నువ్వు రాయి, నేను పోయి చదివొస్త" అనేవాడు. మునగచెట్టు ఎక్కించడంలో ఆయన్ని మించినవాడు ఓరుగల్లులో లేడు. ఆ పొగడ్తకే మురిసిపోయి పదహారేళ్లు ఆమె పప్పుకు పోపు పెడుతూ దావాలు రాసింది, పిల్లకు పాలిస్తూ అప్పీళ్లు రాసింది. అన్నిటి కిందా ఆయన సంతకమే. కోర్టులో ఆయన్ని అందరూ "ఏం డ్రాఫ్టింగయ్యా!" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలును ఇంటికొచ్చి ఆమెకు చెప్పేవాడు కూడా, నిజం చెప్పాలంటే దాచుకునేవాడు కాదు.

తర్వాత ఆయనకు రాజకీయం మీద మనసు పోయింది. మూడేళ్లు వార్డంతా తిరిగాడు. తీరా చూస్తే ఆ వార్డు మహిళలకు రిజర్వయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, మూడో రోజు ఆమె చేత నామినేషన్ వేయించాడు. ఫ్లెక్సీల్లో ఆయన ఫొటో నిలువెత్తు, పక్కన చేతులు జోడించి చిన్నగా ఆమె. గెలిచింది. మొదటి మీటింగులో మురుగు కాల్వల గురించి మాట్లాడదామని లేచి నిలబడితే వెనకనుంచి ఎవరో "సుదర్శనన్న చెప్పి పంపిండా మేడం?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. ఆ కూర్చోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, వాళ్ల మీద కాదు, తన మీదే.

మొన్న కూతురు యమున ఫోన్లో కొరియా సీరియల్ చూస్తూ పిలిచింది. అందులో ఒక లాయరమ్మ ఎలక్షన్లో గెలిచి, సభలో నిలబడి గంటసేపు మాట్లాడుతోంది. "అమ్మా, అచ్చం నువ్వే" అంది పిల్ల. "ఆమె మొగుడేడి?" అని అడిగింది వినోద. "ఆమెకు పెళ్లే కాలేదమ్మా." వినోద నవ్వి బట్టలు మడత పెట్టుకుంది.

ఆ పది సంతకాలు పెట్టి మూడు వారాలైందేమో, ఒక పొద్దున మల్లక్క గేటు దాకా వచ్చి నిలబడింది. ధర్మసాగర్ నుంచి చేపలు తెచ్చి వార్డు మూలమలుపు దగ్గర అమ్మే మనిషి. ఒకప్పుడు ఆమె మనోవర్తి కేసు రాసింది వినోదే. యమున కడుపులో ఉన్నప్పుడు, తినబుద్ధవుతుందేమోనని కొర్రమీను తెచ్చి పెట్టింది మల్లక్క. ఇప్పుడు ఆమె చేతిలో నోటీసు ఉంది, దాని వెనక ఒక జిరాక్సు కాగితం.

"బిడ్డా, సోమారం లోపల మా పద్నాలుగు మందిని ఆడికెల్లి లేపుతరట. లేపుమని నువ్వే రాసినవంటాండ్లు. నేను నమ్మలె. జర సూడు, ఇది నీ సంతకమేనా?"

సంతకం ఆమెదే. పైన రాసిన ఒక్క మాటా ఆమెది కాదు. చేపల అమ్మకం వల్ల ట్రాఫిక్కుకు అడ్డమనీ, దుర్వాసనతో ప్రజలు ఇబ్బంది పడుతున్నారనీ, వెంటనే తొలగించాలనీ ఉంది. ఆ మూల మీదే సుదర్శన్ దోస్తు అనిల్ షాపింగ్ కాంప్లెక్సు కడుతున్నాడు. సంతకం పక్కన జిరాక్సులో నల్లగా ఏదో మచ్చ కనబడింది.

"సంతకం నాదే మల్లక్కా. రాసింది నేను గాదు" అంది వినోద. మల్లక్కకు ఆ తేడా ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరమూ లేదు. "నీదే గదా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

వినోద చీర కూడా మార్చుకోకుండా ఆటో ఎక్కి కార్పొరేషన్ ఆఫీసుకు పోయింది. క్లర్కు చంద్రమౌళి లేచి నిలబడి, ఆమె వెనక్కి చూసి, "సార్ రాలేదా మేడం?" అన్నాడు. ఫైలు తెప్పించి అసలు కాగితం చూసింది. జిరాక్సులో నల్లగా ఉన్న మచ్చ ఇందులో పచ్చగా ఉంది. పసుపు అంటిన వేలిముద్ర. ఉత్తరంలోని చివరి వరుస ఆ మరక మీదుగా నల్లగా పోయింది. ముందు పసుపు, పైన అక్షరాలు. ముందు సంతకం, తర్వాత ఉత్తరం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దమ్మా అని ఎంతమంది ఆడవాళ్లకు చెప్పిందో లెక్కలేదు. అంత చెప్పిన తనే రెండేళ్లుగా పొయ్యి గట్టు మీద పెడుతూ వచ్చింది. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది.

మధ్యాహ్నం సుదర్శన్ అన్నం తింటుంటే చెప్పింది. "ఆ నోటీసు మీద మల్లక్కోళ్లు కోర్టుకు పోతాండ్లు. ఆ లెటర్ నేను రాయలేదని నేను అఫిడవిట్ ఇస్త."

ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "ఏమని ఇస్తవ్? తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టిన అనా? నువ్వు లాయర్‌వి, కార్పొరేటర్‌వి. పదవి పోతది, కోటు పోతది. నన్నెవ్వలు ఏమంటరు? నా సంతకం ఏడున్నది?" తర్వాత కంచం ముందుకు జరిపాడు. "పెరుగెయ్యి."

ఆమె వేసింది. వేస్తూ ఆ మాటే తలుచుకుంది. నిజమే, ఆయన సంతకం ఎక్కడుంది? పదహారేళ్లు ఆమె రాసిన మంచి మాటలన్నిటి కిందా ఉంది. ఈ రెండేళ్లు ఆయన రాసిన చెడ్డ మాటల కింద మాత్రం ఆమెది ఉంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. పెరుగు గిన్నె చేతిలో ఉండగానే ఏడుపు వచ్చింది, ఆయన చూడలేదు.

ఆయన పోయాక ముందు గదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. "వినోదా, బోళ్లు అట్లనే ఉన్నయి" అంది అత్తమ్మ. "ఉండనియ్యండి అత్తమ్మా" అంది. ఆ పసుపు మరక తన వేలిదనీ, తను సంతకం చేసేనాటికి ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదనీ, ఆ తప్పు తనదేననీ రాసింది. ఏం పోతుందో ఆమెకు తెలుసు. పదవి పోతుంది, కోటు పోవచ్చు, ఈ ఇంట్లో రేపు ఎలా ఉంటుందో ఊహకు అందలేదు. అయినా రాసింది.

కోర్టు ఆవరణలో నోటరీ వినోద ముఖం చూసి గుర్తుపట్టాడు. పక్కన మల్లక్క నిలబడి ఉంది. నోటరీ ఆ అఫిడవిట్ ఒకటికి రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"మేడం, ఇది ఇస్తే మీకే నష్టం. డ్రాఫ్టింగ్ అయితే సుదర్శన్ సారుదే, చూస్తే తెలుస్తాంది. సారే రాసిండా?"

వినోద పెన్ను అందుకుంది. వేలి గోరులో పొద్దుటి వంట పసుపు ఇంకా పోలేదు.

"రాసింది నేనే" అంది. "సంతకం గూడ నేనే పెడ్త."